సెలవు ఇచ్చినదెవరు? డిస్నీ సంస్థలో ఒక వీడ్కోలు చరిత్ర

తెలుగులో వెళ్ళేవాడు సెలవు తీసుకుంటాడు, ఉండిపోయేవారు సెలవు ఇస్తారు. ‘ఇక సెలవు ఇప్పించండి’ అని అడగడంలో ఒక మర్యాద ఉంది. వెళ్ళాలన్న నిర్ణయం వెళ్ళేవాడిదే అయినా, అనుమతి ఎదుటివారి చేతిలో ఉందని ఒప్పుకోవడం అది. పెద్ద వ్యాపారసంస్థల అధిపతులు పదవి దిగేటప్పుడు ఉద్యోగులకు రాసే వీడ్కోలు లేఖల్లో ఈ మర్యాదకు చోటు ఉండదు. పరదేశాల్లో ఉద్యోగాలు చేస్తున్న మనలో చాలామందికి అలాంటి లేఖలు అందే ఉంటాయి. అందరికీ కృతజ్ఞతలు, సాధించినవాటి జాబితా, వారసుడి మీద నమ్మకం: ఈ మూడూ దాదాపు ఇదే వరుసలో వస్తాయి. చదివి పక్కన పెడతాం. జవాబు రాయాలని ఎవరికీ తోచదు, రాయమని ఎవరూ అడగరు.

వాల్ట్ డిస్నీ కంపెనీని 21 ఏళ్ళు నడిపిన మైకేల్ ఐస్నర్ 2005 సెప్టెంబరు 30న పదవి నుంచి తప్పుకుంటూ ఉద్యోగులకు వీడ్కోలు పలికాడు. అమెరికన్ వినోదరంగంలో అంత సుదీర్ఘకాలం ఒకే సంస్థకు అధిపతిగా ఉన్నవారు కొద్దిమందే. అయితే ఆ వీడ్కోలుకు ఒక విశేషం ఉంది. ఉద్యోగులు తమ జవాబును ఏడాదిన్నర ముందే, ఓటు రూపంలో చెప్పేశారు. ఆ జవాబు ఎందుకు, ఎలా వచ్చిందన్నది తెలిస్తే, ఇలాంటి లేఖల్లో ఉండేదేమిటో, ఉండనిదేమిటో కూడా కొంత తెలుస్తుంది.

పాత్రధారులూ, యజమానీ

డిస్నీ సంస్థలో ఉద్యోగిని ఉద్యోగి అనరు, ‘కాస్ట్ మెంబర్’ అంటారు. అంటే నాటకంలో ఒక పాత్రధారి. 1955లో కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచిన కాలం నుంచి వచ్చిన వాడుక ఇది. పార్కుకు వచ్చేవారు అతిథులు, ఉద్యోగి వేసుకునే బట్టలు వేషం, అతిథులకు కనిపించే చోటు రంగస్థలం, కనిపించని చోటు తెర వెనుక. టికెట్లు చింపేవాడూ, వీధి ఊడ్చేవాడూ కూడా కథ చెప్పడంలో భాగస్వాములే అన్న భావన ఈ మాటల్లో ఉంది. చాలామంది ఉద్యోగులు దాన్ని మనస్ఫూర్తిగా నమ్మారు. జీతం మాట వచ్చినప్పుడు మాత్రం పాత్రధారి మళ్ళీ ఉద్యోగి అయిపోయేవాడు.

ఈ రెండింటి మధ్య ఘర్షణ వాల్ట్ డిస్నీ కాలంలోనే బయటపడింది. 1937లో వచ్చిన ‘స్నోవైట్’ లాభాలతో బర్‌బాంక్‌లో కొత్త స్టూడియో కట్టారు. తరువాతి చిత్రాలు ‘పినోకియో’, ‘ఫాంటసియా’ పెట్టుబడిని తిరిగి తేలేదు. యుద్ధం వల్ల ఐరోపా విపణి మూసుకుపోయింది. చిత్రకారుల్లో అసంతృప్తి పెరిగి కార్మికసంఘం వైపు మొగ్గుతున్నప్పుడు, 1941 ఫిబ్రవరిలో వాల్ట్ తన ఉద్యోగులందరినీ కూర్చోబెట్టి ప్రసంగించాడు. ఇరవై ఏళ్ళుగా తాను పడిన కష్టాలను చెప్పుకొచ్చాడు. ముందుకు రాలేనివారు ముందు తమను తాము చూసుకోవాలన్న ధోరణిలో మాట్లాడాడు. ఆ ప్రసంగం తరువాత సంఘంలో చేరినవారి సంఖ్య తగ్గకపోగా పెరిగింది. మే 29న సమ్మె మొదలైంది. యజమాని మనసు విప్పి మాట్లాడినంత మాత్రాన ఉద్యోగులు తన కథను తమ కథగా స్వీకరిస్తారన్న నమ్మకం ఆ రోజే దెబ్బతిన్నది.

వాల్ట్ ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. 1966 డిసెంబరు 15న, స్టూడియోకు ఎదురుగా ఉన్న ఆసుపత్రిలో కన్నుమూశాడు. అన్నగారు రాయ్ ఓ. డిస్నీ బాధ్యత తీసుకొని, ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్‌ను 1971 అక్టోబరు 1న తెరిపించాడు. రెండున్నర నెలలకే ఆయనా మరణించాడు. ఆ తరువాత పన్నెండేళ్ళు ఆ సంస్థను నడిపించినది ఒక ప్రశ్న: వాల్ట్ ఉంటే ఏం చేసేవాడు? చనిపోయినవాడి అభిరుచిని ఊహిస్తూ సినిమాలు తీయడం కష్టమని నెమ్మదిగా తెలిసివచ్చింది. 1984లో సాల్ స్టైన్‌బర్గ్ అనే పెట్టుబడిదారు సంస్థను చేజిక్కించుకోవడానికి ప్రయత్నించాడు. అతని వాటాలను ఎక్కువ ధరకు తిరిగి కొని పంపించవలసి వచ్చింది. ఆ సెప్టెంబరులో, వాల్ట్ అల్లుడు రాన్ మిల్లర్‌ను బోర్డు పదవి నుంచి దింపింది. పారమౌంట్ నుంచి ఐస్నర్ చైర్మన్‌గా, ముఖ్య కార్యనిర్వహణాధికారిగా వచ్చాడు. వార్నర్ సంస్థలో పనిచేసిన ఫ్రాంక్ వెల్స్ అధ్యక్షుడయ్యాడు. వీరిద్దరినీ తీసుకురావడానికి గట్టిగా పట్టుబట్టినవాడు రాయ్ ఓ. కుమారుడు రాయ్ ఇ. డిస్నీ. ఈ పేరు మళ్ళీ వస్తుంది.

మరుగుజ్జులు మోసిన కప్పు

ఐస్నర్ మొదటి పదేళ్ళను ఎవరూ తేలికగా కొట్టివేయలేరు. పార్కుల టికెట్ ధరలు పెంచాడు, హోటళ్ళు కట్టించాడు, పాత చిత్రాలను వీడియో క్యాసెట్లుగా ఇళ్ళకు చేర్చాడు. ‘ద లిటిల్ మర్మెయిడ్’ (1989), ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ (1991), ‘అలాదీన్’ (1992), ‘ద లయన్ కింగ్’ (1994) వరుసగా వచ్చాయి. వీటిలో రెండవది ఉత్తమ చిత్రం ఆస్కార్‌కు నామినేట్ అయిన తొలి యానిమేషన్ చిత్రం. 1984లో సుమారు 1.65 బిలియన్ డాలర్లుగా ఉన్న సంస్థ వార్షికాదాయం, ఐస్నర్ దిగిపోయే నాటికి 30 బిలియన్లు దాటింది.

ఈ విజయాలు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం మొదటి నుంచీ ఉంది. కొత్త యాజమాన్యం వచ్చిన కొద్ది నెలల్లోనే, వాల్ట్ కట్టించిన యానిమేషన్ భవనం నుంచి చిత్రకారులను ఖాళీ చేయించి, గ్లెండేల్‌లో గోదాముల్లాంటి కట్టడాలకు పంపించారు. ‘మర్మెయిడ్’ నుంచి ‘లయన్ కింగ్’ దాకా వచ్చిన చిత్రాల మీద ఎక్కువ పని జరిగినది అక్కడే. బర్‌బాంక్‌లో యాజమాన్యానికి మాత్రం మైకేల్ గ్రేవ్స్ అనే ప్రసిద్ధ వాస్తుశిల్పి చేత కొత్త కార్యాలయం కట్టించారు. 1990లో పూర్తయిన ఆ భవనం ముఖభాగాన, 19 అడుగుల ఎత్తున ‘స్నోవైట్’ మరుగుజ్జుల విగ్రహాలు కప్పును మోస్తూ నిలబడి ఉంటాయి. స్టూడియో ఆ చిత్రం సంపాదించిన డబ్బు మీదే నిలిచింది గనుక అది సముచితమైన చమత్కారమే. చిత్రకారులను గోదాములకు పంపిన సంస్థలో ఆ చమత్కారానికి ఇంకొక అర్థం కూడా స్ఫురిస్తుంది.

1994 ఏప్రిల్ 3న ఫ్రాంక్ వెల్స్ హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. ఆ వేసవిలో విడుదలైన ‘లయన్ కింగ్’ను అతనికి అంకితం చేశారు. ఐస్నర్ ఊహాశక్తికి పగ్గాలు వేసి, తగాదాలు తీర్చి, చెప్పవలసిన కఠినమైన మాటలు మెత్తగా చెప్పినవాడు వెల్స్. ఆ స్థానం తనకు దక్కుతుందని ఆశించిన స్టూడియో అధిపతి జెఫ్రీ కాట్జెన్‌బర్గ్‌కు అది దక్కలేదు. అతను అదే ఏడు సంస్థను వదిలి, తరువాత దావా వేశాడు. చివరికి 1999లో రాజీ కుదిరింది. 1995లో ఐస్నర్ తన మిత్రుడు మైకేల్ ఓవిట్జ్‌ను అధ్యక్షుడిగా తెచ్చాడు. పద్నాలుగు నెలలు గడిచేసరికి పంపించివేశాడు. ఓవిట్జ్ వెళ్ళిపోతూ అందుకున్నది దాదాపు 140 మిలియన్ డాలర్లు. దీనిపై వాటాదారులు వేసిన దావాలో డెలావేర్ న్యాయస్థానం 2005 ఆగస్టులో డైరెక్టర్లకు చట్టపరమైన బాధ్యత లేదని తేల్చింది. అయినా ఐస్నర్ నడవడిక ఆదర్శానికి ఎంతో దూరంగా ఉందని ఆ తీర్పు స్పష్టంగానే చెప్పింది. ఆ మాట వచ్చినది అతని వీడ్కోలుకు కొద్ది వారాల ముందు.

1997 డిసెంబరులో ఐస్నర్ తన స్టాక్ ఆప్షన్లను వాడుకొని 500 మిలియన్ డాలర్లకు పైగా ఆర్జించాడు. 2001 మార్చిలో సంస్థ 4,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. 2004 జనవరిలో, ‘ములాన్’, ‘లిలో అండ్ స్టిచ్’ చిత్రాలు రూపొందిన ఒర్లాండో యానిమేషన్ స్టూడియోను మూసివేస్తున్నట్టు చెప్పారు. దాదాపు 250 మంది పనిచేసే చోటు అది. చేతితో గీసే చిత్రాల కాలం అయిపోయిందన్నది యాజమాన్యం వాదన. అదే నెలలో, కంప్యూటర్ చిత్రాలు తీసి ఇస్తున్న పిక్సార్ కూడా డిస్నీతో చర్చలు తెంచుకుంది. అంటే చేతి గీత వద్దని అన్న సంస్థకు, యంత్రపు గీతను అందించేవారు కూడా మిగిలేలా కనబడలేదు.

రెండు లేఖలు, ఒక ఓటు

ఐస్నర్ వీడ్కోలు కన్నా రెండేళ్ళ ముందు ఆ సంస్థలో మరొక వీడ్కోలు లేఖ వెలువడింది. 72 ఏళ్ళు దాటిన డైరెక్టర్లు తప్పుకోవాలన్న నియమాన్ని చూపి, రాయ్ ఇ. డిస్నీని బోర్డుకు తిరిగి ప్రతిపాదించబోమని 2003 నవంబరులో చెప్పారు. ఆ నెల 30న అతను రాజీనామా లేఖ రాసి బహిరంగపరిచాడు. అందులో ఐస్నర్ వైఫల్యాలను ఒక్కొక్కటిగా లెక్కబెట్టాడు. సంస్థ ఆత్మను పోగొట్టుకుంటోందని, వెళ్ళవలసినది తాను కాదు ఐస్నరేనని దాని సారాంశం. మరునాడు అతని సహచరుడు స్టాన్లీ గోల్డ్ కూడా రాజీనామా చేశాడు. ఇద్దరూ కలిసి ‘సేవ్ డిస్నీ’ ఉద్యమం ప్రారంభించారు.

2004 మార్చి 3న ఫిలడెల్ఫియాలో వాటాదారుల వార్షిక సమావేశం జరిగింది. అప్పటి ఎన్నికల పద్ధతి తెలిస్తేనే అక్కడ జరిగినదాని బరువు తెలుస్తుంది. అమెరికా కంపెనీల డైరెక్టర్ల ఎన్నికలో ఆనాడు సాధారణంగా ‘వద్దు’ అనే గడి ఉండేది కాదు. వాటాదారు అభ్యర్థికి ఓటు వేయవచ్చు, లేదా ఓటును నిలిపివేయవచ్చు. పోటీదారు లేనప్పుడు ఒక్క ఓటు పడినా అభ్యర్థి నెగ్గినట్టే. కనుక ఓటు నిలిపివేయడం ఓడించడానికి పనికిరాదు. అసంతృప్తిని నమోదు చేయడానికి మాత్రమే పనికి వస్తుంది. మామూలుగా అది చాలా తక్కువగానే ఉండేది. ఆ రోజు ఐస్నర్‌కు 43 శాతం ఓట్లు నిలిచిపోయాయి. ఆ సాయంత్రమే బోర్డు అతని నుంచి చైర్మన్ పదవి తీసి మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్‌కు ఇచ్చింది.

పత్రికలు పెన్షన్ నిధుల గురించి, సలహాసంస్థల గురించి రాశాయి. వాటి పాత్ర పెద్దదే. అయితే ఈ వ్యాసానికి ముఖ్యమైనది మరొక అంకె. పదవీవిరమణ కోసం ఉద్యోగులు దాచుకునే 401(కె) పథకంలో సంస్థ వాటాలు కూడా ఉండేవి. ఆ వాటాలు ధర్మకర్త పేరున ఉన్నా, వాటికి ఎలా ఓటు వేయాలో చెప్పే హక్కు ఉద్యోగిది. ఎవరు ఏమి చెప్పారన్నది యాజమాన్యానికి చేరదు. ఆ పథకం ద్వారా పడిన ఓట్లలో 70 శాతానికి పైగా ఐస్నర్‌కు నిలిపివేసినవని ఆ తరువాత బయటపడింది. బయటి మదుపుదారుల అసంతృప్తి కన్నా లోపలివారి అసంతృప్తే ఎక్కువగా ఉంది.

ఈ అంకెను జాగ్రత్తగా చదవాలి. ఇది మనుషుల లెక్క కాదు, వాటాల లెక్క. ఓటు వేసినవారి లెక్కే గాని మొత్తం ఉద్యోగుల లెక్క కాదు. పార్కుల్లో తక్కువ జీతానికి పనిచేసే వేలాదిమంది దగ్గర చెప్పుకోదగ్గ వాటాలు ఉండవు. వాటా ధర పడిపోయిందన్న బాధ కూడా అందులో కలిసే ఉంటుంది. ఇవన్నీ తీసివేసినా ఒకటి మిగులుతుంది. లేఖలు అందుకోవడమే తప్ప జవాబు చెప్పే అవకాశంలేని ఉద్యోగులకు ఒక్కసారి, రహస్యంగా, పేరు బయటపడకుండా అభిప్రాయం చెప్పే కాగితం చేతికి వచ్చింది. దాన్ని వాళ్ళు వాడుకున్నారు.

2004 సెప్టెంబరులో ఐస్నర్, తన ఒప్పందం ముగిసే 2006లో తప్పుకుంటానని బోర్డుకు తెలిపాడు. 2005 మార్చి 13న బాబ్ ఐగర్‌ను వారసుడిగా ప్రకటించారు. గడువుకు ఏడాది ముందే, ఆ సెప్టెంబరు చివర, ఐస్నర్ పదవినీ, బోర్డు సభ్యత్వాన్నీ కూడా వదిలి వెళ్ళాడు. ఆ నెల 12న జరిగిన హాంకాంగ్ డిస్నీలాండ్ ప్రారంభం అధిపతిగా అతని చివరి పెద్ద వేడుక.

లేఖలో పట్టనివి

వీడ్కోలు లేఖ అబద్ధం చెబుతుందని అనలేం. ఆదాయం పెరిగిన మాట నిజం, చిత్రాల పేర్లు నిజం, పనిచేసినవారి పట్ల వెళ్ళేవాడికి కలిగే ఆర్ద్రత కూడా చాలాసార్లు నిజమే. ఇరవై ఒక్క ఏళ్ళు ఒకచోట గడిపిన మనిషికి ఆ చోటు మీద మమకారం ఉండదని ఎవరనగలరు? కష్టం వేరేచోట ఉంది. ఆ లేఖలో ‘మనం’ అనే మాట గతానికి మాత్రమే వర్తిస్తుంది. మనం కట్టాం, మనం గెలిచాం. ఏ స్టూడియో మూయాలి, ఎవరిని పంపించాలి అని నిర్ణయించినప్పుడు ఆ ‘మనం’ ఎక్కడా లేదు. నిర్ణయాలు తీసుకొనేటప్పుడు ‘నేను’గా ఉన్నవాడు, జమాఖర్చు చెప్పేటప్పుడు ‘మనం’ అంటాడు. 1941లో వాల్ట్ ఉద్యోగుల ముందు చదివినదీ ఒక విధంగా ఇదే పద్దు.

వెళ్ళినవాడి గురించి లేఖ కన్నా నిక్కమైన సాక్ష్యం, అతను వెళ్ళిన తరువాతి ఏడాదిలో ఏమి మారిందన్నది. ఐగర్ పగ్గాలు చేపట్టకముందే, 2005 జులైలో, రాయ్ డిస్నీతో రాజీ చేసుకున్నాడు. 2006 జనవరిలో 7.4 బిలియన్ డాలర్లకు పిక్సార్‌ను కొంటున్నట్టు ప్రకటించి, డిస్నీ యానిమేషన్ విభాగాన్ని ఆ పిక్సార్ నాయకులకే అప్పగించాడు. మూసివేసిన చేతి గీతను, 2009లో విడుదలైన ‘ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’ కోసం మళ్ళీ తెరిచారు. అంటే కొత్త అధిపతి మొదటి పనులన్నీ పాత అధిపతి చివరి నిర్ణయాలకు దిద్దుబాట్లే.

దిద్దినవాడు తన వీడ్కోలును సరిగా దిద్దుకోగలిగాడా అంటే, అదీ లేదు. ఐగర్ మార్వెల్‌ను (2009), లూకస్ ఫిల్మ్‌ను (2012), 71.3 బిలియన్ డాలర్లకు ట్వెంటీఫస్ట్ సెంచరీ ఫాక్స్‌ను (2019) కొన్నాడు. 2015లో దిగిపోతానన్నవాడు నాలుగుసార్లు గడువు పొడిగించుకున్నాడు. వారసుడవుతాడని అందరూ అనుకున్న టామ్ స్టాగ్స్ 2016లో వెళ్ళిపోయాడు. 2020 ఫిబ్రవరి 25న పదవిని బాబ్ చేపెక్‌కు అప్పగించి, కార్యనిర్వాహక చైర్మన్‌గా 2021 చివరి వరకు ఉండి, అప్పుడు సెలవు తీసుకున్నాడు. ఆ మధ్యకాలంలో, కోవిడ్ వల్ల, పార్కుల విభాగం 28,000 ఉద్యోగాల కోత ప్రకటించింది. 2022 నవంబరు 20, ఆదివారం రాత్రి, చేపెక్‌ను తొలగించి ఐగర్‌ను తిరిగి పిలిచినట్టు ఉద్యోగులకు తెలిసింది. మూడు నెలల తరువాత మరో 7,000 ఉద్యోగాల కోత. రెండేళ్ళకని వచ్చినవాడి ఒప్పందాన్ని 2026 చివరి వరకు పొడిగించారు. మనవాళ్ళు ‘వెళ్తాను’ అనరు, ‘వెళ్ళొస్తాను’ అంటారు. ఐగర్ విషయంలో అది అక్షరాలా జరిగింది.

ఈ కథకు తెలుగునేలతో కూడా ఒక ముడి ఉంది. డిస్నీ 2011లో ‘అనగనగా ఓ ధీరుడు’ అనే తెలుగు చిత్రం నిర్మించి ఊరుకుంది. కాని 2015లో మా టెలివిజన్ ప్రసార వ్యాపారాన్ని స్టార్ ఇండియా కొన్నది. స్టార్ ఇండియా ఫాక్స్‌లో భాగం. 2019 మార్చి 20న ఫాక్స్ డిస్నీ చేతికి వచ్చినప్పుడు, హైదరాబాదు నుంచి నడిచే ఆ చానెల్ కూడా బర్‌బాంక్ గొడుగు కిందికి వచ్చింది. 2024 నవంబరు 14న స్టార్ వ్యాపారం రిలయన్స్ సంస్థతో కలిసిపోయి, డిస్నీ వాటా 36.84 శాతానికి తగ్గింది. అయిదున్నరేళ్ళలో రెండుసార్లు చేతులు మారిన ఆ ఉద్యోగులు ఎవరికీ వీడ్కోలు చెప్పలేదు. ఉన్న కుర్చీలోనే ఉండగా యజమానులు మారిపోయారు. అధిపతి వెళ్ళిపోవడం కన్నా ఉద్యోగుల జీవితాన్ని ఎక్కువగా కదిలించే ఇలాంటి మార్పులకు వీడ్కోలు లేఖల సంప్రదాయంలో స్థానం చిన్నది.

2006 జనవరిలో, మరుగుజ్జులు కప్పు మోస్తున్న ఆ భవనానికి మైకేల్ ఐస్నర్ పేరు పెట్టారు. రాయ్ ఇ. డిస్నీ 2009 డిసెంబరులో మరణించాడు. 1994లో చిత్రకారుల కోసం, స్టూడియోకు రోడ్డు అవతల కట్టిన యానిమేషన్ భవనానికి 2010లో అతని పేరు పెట్టారు. పోట్లాడుకున్న ఇద్దరి పేర్లూ ఇప్పుడు రెండు భవనాల మీద ఉన్నాయి. వారి మధ్య తీర్పు చెప్పిన ఉద్యోగుల ఓటుకు ఆ ప్రాంగణంలో గుర్తు ఏదీ లేదు. నిబంధన ప్రకారం వాళ్ళ పేర్లు బయటికి రాకూడదు కనుక, ఉండదు కూడా. ఈసారి మన సంస్థ అధిపతి వీడ్కోలు లేఖ వచ్చినప్పుడు, అందులో ఉన్న పేర్లతో పాటు లేని పేర్లను కూడా గుర్తు చేసుకోవచ్చు. ఏటా వసంతంలో 401(కె) వాటాలకు ఓటు వేయమని వచ్చే కాగితాన్ని మాత్రం చదవకుండా పారవేయకూడదు. సెలవు ఇచ్చే అధికారం మనకు ఏమైనా మిగిలి ఉంటే, అది ఉన్నది ఆ కాగితంలోనే.